మన టార్చికి ఏ ఎల్‌ఇడి పెడదాం?

మన సైన్సు క్లబ్బులో పాత టార్చీలు విప్పి కొత్తగా కట్టే పని మొదలుపెట్టామని మీకందరికీ తెలుసు. మొదటి టార్చి తయారయ్యాక తీసుకెళ్ళి వార్డెన్ సారు చేతిలో పెట్టా. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి ఒక్కటే ప్రశ్న అడిగారు. “ఎన్ని ల్యూమెన్లు రా ఇది?” చెప్పా. “అంతేనా! బజార్లో పదివేల ల్యూమెన్లదే దొరుకుతుంటే ఇదెందుకు?” అన్నారు. చుట్టూ ఉన్నోళ్ళంతా గొల్లున నవ్వారు. నాకప్పుడు జవాబు తట్టలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది. ఆ జవాబే ఈ వ్యాసం. కొంచెం పొడుగైంది, ఎక్కువ ఠావులు పట్టింది. పత్రిక రాసే తమ్ముళ్ళు తిట్టుకోవద్దు.

ముందు ఈ టార్చీల గొడవ నా బుర్రలోకి ఎట్టా వచ్చిందో చెప్పాలి. మా మామ మిరప కళ్ళం కాపలాకి పోతాడు. సంక్రాంతి దాటిన కాణ్ణుంచి ఎండలు ముదిరేదాకా అదే పని. కోసిన కాయ కళ్ళంలో పరిచి ఎండబెడతారు గదా, రాత్రిపూట మంచు తగలకుండా పట్టాలు కప్పాలి, పొద్దున్నే తియ్యాలి, మధ్యలో దొంగలూ పశువులూ రాకుండా చూసుకోవాలి. పోయినేడు ఆసామి మామకో కొత్త లైటు కొనిచ్చాడు. అట్టపెట్టె మీద ల్యూమెన్ల అంకె చాంతాడంత ఉంది. వేస్తే నీలంగా, కళ్ళలో పొడిచినట్టు తెల్లటి వెలుతురు. మామ చానా సంబరపడ్డాడు.

ఒక రాత్రి గాలికి పట్టా లేచిపోతే సర్దుదామని పోయాడు. పట్టా అంచు మడతలో ఎండిన మట్టలాంటిది ఏదో ఉంటే తీసి పారేద్దామని చెయ్యి చాపాడు. అది బుస కొట్టింది. రక్తపింజరి! చెయ్యి వెనక్కి లాక్కున్నాడు గాబట్టి బతికాడు. తర్వాత మాకు చెబుతూ ఒక మాటన్నాడు. “లైటు వేసే ఉందిరా అల్లుడా. వెలుతురు దాని మీదే పడతా ఉంది. అయినా నా కంటికి పామని తెలవలా.”

వెలుతురు మీద పడుతున్నా కనపడకపోవడం ఏమిటి? అక్కడ తక్కువైంది వెలుతురు కాదు, మరింకేదో. అదేమిటో తెలియాలంటే ఎల్‌ఇడి లోపల ఏముందో కొంచెం చూడాలి.

మన తాతల కాలం ఇత్తడి టార్చిలో మూడు సెల్లులు, ఒక చిన్న బల్బు. బల్బులో తీగ కాలి వెలుతురిచ్చేది. అందులో పోసిన కరెంటులో ఎక్కువ భాగం వేడికే పోతుంది. ఒక్క వాటుకి పది పదిహేను ల్యూమెన్లు వస్తే గొప్ప. (ల్యూమెను అంటే దీపం నుంచి అన్ని వైపులా బయటికొచ్చే మొత్తం వెలుతురికి కొలత.) కానీ ఆ వెలుతురులో ఒక మంచి గుణం ఉండేది. పొయ్యి మంటలాగా ఎరుపూ పసుపూ నిండుగా ఉండేవి.

ఎల్‌ఇడిలో కాలే తీగ లేదు. రెండు రకాల అర్ధవాహకాలు కలిసిన చోట కరెంటు పోతుంటే వెలుతురు పుడుతుంది. కంటికి కనపడే మొదటి ఎర్ర ఎల్‌ఇడిని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ చేశాడు. తర్వాత పచ్చ, పసుపు వచ్చాయి. నీలం మాత్రం ముప్ఫై ఏళ్ళు ఎవరికీ లొంగలేదు. జపానులో అకసాకి, అమానో అనే గురుశిష్యులు ఒక పక్క, నిచియా అనే కంపెనీలో పనిచేసే నకమూర ఇంకో పక్క గాలియం నైట్రైడ్ పట్టుకుని పోరాడారు. 1993లో నిచియా బాగా వెలిగే నీలం ఎల్‌ఇడి బయటికి తెచ్చింది. 2014లో ఆ ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

నీలానికి ఎందుకంత గొప్ప అంటారా? నీలం దొరికాకే తెలుపు దొరికింది. తెల్ల ఎల్‌ఇడి అనేది నిజానికి లేదు! అది నీలం ఎల్‌ఇడే. దాని ముఖం మీద పసుపు పొడి పూత పూస్తారు. నీలం వెలుతురు కొంత ఆ పొడికి తగిలి పసుపుగా మారుతుంది, కొంత నీలంగానే బయటికొస్తుంది. నీలం, పసుపు కలిసి మన కంటికి తెలుపు. 1996 నుంచి అమ్ముతున్న తెల్ల ఎల్‌ఇడిల కిటుకు ఇదే. ఆరిన ఎల్‌ఇడిని దగ్గరగా చూడండి, గుడ్డు సొనలాగా పసుపుపచ్చగా కనపడుతుంది. (ఆరినప్పుడే చూడండి. వెలుగుతున్నప్పుడు చూస్తే కళ్ళు పోతాయి.)

ఇప్పుడు అసలు సంగతి. నీలం, పసుపు కలిస్తే తెలుపు అయింది, బాగానే ఉంది. మరి ఎరుపు ఏది? చానా తక్కువ ఉంది. ఒక వస్తువు ఎర్రగా కనపడాలంటే దాని మీద పడే వెలుతురులో ఎరుపు ఉండాలి, అది తిరిగి మన కంటికి రావాలి. పడిన దాంట్లోనే లేకపోతే వచ్చేది ఎక్కణ్ణుంచి? అప్పుడు ఎరుపు నల్లబారి కనపడుతుంది. గోధుమరంగు, ఇటుకరంగు, ఎండుటాకు రంగు అన్నీ ఒకే బూడిదరంగులోకి పోతాయి. రక్తపింజరి ఒళ్ళంతా గోధుమరంగు, దాని మీద ముదురు మచ్చలు. ఎండిన ఆకుల్లో అది కనపడకుండా ఉండటానికే ఆ రంగు. రంగుల తేడా పట్టివ్వని లైటు వేస్తే పాముకి సాయం చేసినట్టే.

ఈ గుణానికి ఒక కొలత ఉంది. సిఆర్‌ఐ అంటారు. ఎండలో, లేదా పాత బల్బు కింద, రంగులు ఎట్టా కనపడతాయో అట్టా కనపడితే 100. మామూలు టార్చి ఎల్‌ఇడిలు 70 దగ్గర ఉంటాయి. 90 దాటితే మంచివి. ఎరుపుకి విడిగా ఆర్9 అని ఇంకో కొలత ఉంది. పత్రాల్లో దాన్ని చాలాసార్లు వదిలేస్తారు, ఎందుకంటే 70 తరగతి ఎల్‌ఇడిల్లో అది సున్నా దగ్గరో, సున్నా కన్నా కిందో ఉంటుంది.

దీన్ని మనం లేబులో చేసి చూశాం. అప్పుడు లేనివాళ్ళ కోసం చెబుతున్నా. మెస్సు నుంచి ఎండుమిరపకాయలు ఒక దోసెడు తెచ్చాం. అందులో ఎర్రగా నిగనిగలాడే కాయలున్నాయి, మచ్చపడ్డవి ఉన్నాయి, తాలు కాయలున్నాయి. కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేసి, మొదట 70 సిఆర్‌ఐ లైటు వేసి మచ్చకాయలు ఏరమన్నాం. తాలు అయితే తెల్లగా ఉంటుంది గాబట్టి ఎవరైనా పట్టారు. మచ్చకాయల దగ్గరే తడబడ్డారు. అన్నీ ముదురుగానే ఉన్నాయంటారు, ఏది ఎరుపో ఏది నలుపో తేల్చుకోలేరు. తర్వాత 90 దాటిన లైటు, వెలుతురు తగ్గించి మరీ వేశాం. ఒక్కసారిగా కుప్పలో ఎర్రకాయలు పైకి లేచినట్టు కనపడ్డాయి. మా తరగతిలో కళ్ళానికి పోయి ఏరుడు పని చేసిన అమ్మాయి ఒకతె ఉంది. “ఇది మా కళ్ళంలో పొద్దుటి ఎండ లాగుంది” అంది. గుంటూరు యార్డులో కాయ ధర రంగుని బట్టే పలుకుతుందని మీకు నేను చెప్పాలా? రాత్రిపూట టిక్కీలు కట్టి లారీకెత్తేవాళ్ళకి ఈ తేడా డబ్బులే.

మరి 90 సిఆర్‌ఐ అంత మంచిదైతే అన్ని కంపెనీలూ అదే ఎందుకు చెయ్యవు? వార్డెన్ సారు ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది. ల్యూమెను అనే కొలతలోనే ఒక పక్షపాతం ఉంది సార్. మన కన్ను ఆకుపచ్చని బాగా పట్టుకుంటుంది, ఎరుపుని తక్కువ పట్టుకుంటుంది. ల్యూమెన్లు లెక్కకట్టేటప్పుడు ఆకుపచ్చకి ఎక్కువ మార్కులు, ఎరుపుకి తక్కువ మార్కులు వేస్తారు. ఎల్‌ఇడి చేసేవాడు ఎర్ర పొడి కూడా కలిపితే రంగులు బాగుపడతాయి గాని ల్యూమెన్ల అంకె పడిపోతుంది. అట్టపెట్టె మీద అంకె చూసి కొనేవాళ్ళే ఎక్కువ. అందుకని ఎరుపు తీసేసి అంకె పెంచుతారు. పాలల్లో నీళ్ళు పోసి లీటర్లు పెంచినట్టు. ఈ పోలిక మా సైన్సు సారుకి నచ్చలేదు, నీళ్ళు వేరు ల్యూమెన్లు వేరు అన్నారు. నాకు మాత్రం నచ్చింది, ఉంచేశా.

ఇక రెండో సంగతి, దూరం. మన పిల్లలు టార్చి చేతికొస్తే ముందు వాటర్ ట్యాంకు మీద కొడతారు. “ఎంత దూరం పోతుంది?” అని. దూరం పోవడానికి ల్యూమెన్లతో సంబంధం అనుకుంటారు. అంతగా లేదు. మందు కొట్టే పంపు గుర్తు తెచ్చుకోండి. ట్యాంకులో మందు అంతే ఉంటుంది. నాజిలు తిప్పితే దగ్గర మొక్క మీద మంచులాగా పడుతుంది, ఇంకోవైపు తిప్పితే సన్నటి ధార అయి నాలుగు సాళ్ళ అవతల పడుతుంది. టార్చిలో ఆ నాజిలు పని రిఫ్లెక్టరుదీ, ఎల్‌ఇడి ముఖానిదీ. ముఖం ఎంత చిన్నదై, ఆ చిన్న ముఖమే ఎంత గట్టిగా వెలిగితే, అదే రిఫ్లెక్టరులోంచి ధార అంత సన్నగా దూరం పోతుంది. ముఖం పెద్దదైతే వెలుతురు చేటంత వెడల్పుగా దగ్గర్లోనే పరుచుకుంటుంది.

దూరానికి లెక్క కూడా ఉంది, పదో తరగతి వాళ్ళు చెయ్యొచ్చు. ధార మధ్యలో తీక్షణతని క్యాండెలాల్లో చెబుతారు. దాని వర్గమూలం తీసి రెండుతో హెచ్చవేస్తే మీటర్లు. 10,000 క్యాండెలాలైతే 200 మీటర్లు. 400 మీటర్లు కావాలంటే 20,000 చాలదు, 40,000 కావాలి. దూరం రెండింతలవ్వాలంటే తీక్షణత నాలుగింతలు. అమెరికాలో 2009లో పెట్టుకున్న ప్రమాణం ఇది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ చివరి మీటరు దగ్గర పడే వెలుతురు పావు లక్సు మాత్రమే, అంటే పున్నమి వెన్నెలంత. వెన్నెల్లో గేదె కనపడుతుంది. పాము కనపడుతుందా? మీరే చెప్పండి.

ఇప్పుడు మేం చూసిన ఎల్‌ఇడిల సంగతికొద్దాం. సైన్సు సారు ఆర్డరు పెట్టి తెప్పించినవి కొన్ని, పాడైన లైట్లలోంచి పీకినవి కొన్ని.

పాత కాపు క్రీ కంపెనీ ఎక్స్‌ఎమ్‌-ఎల్. 2010 చివర్లో వచ్చింది. 10 వాట్లకి 1000 ల్యూమెన్లు ఇచ్చిన ఈ ఒక్క ముక్క ఆ రోజుల్లో టార్చీలు కట్టేవాళ్ళని ఊపేసింది. 2012లో దీని తమ్ముడు ఎక్స్‌ఎమ్‌-ఎల్2 వచ్చింది. చదరంగా 5 మిల్లీమీటర్ల పొడుగు, 5 వెడల్పు. పైన చిన్న గుమ్మటం లాంటి లెన్సు. బజారు లైట్ల మీద దీని పేరు అచ్చేసి లోపల వేరేది పెట్టడం మామూలే. దీని మీద నాకు కోపం లేదు, గౌరవమే. కానీ ఇవ్వాళ కొత్తగా కట్టేవాళ్ళు దీన్నే పట్టుకుని వేలాడక్కర్లేదు. (క్రీ కంపెనీ తన ఎల్‌ఇడి వ్యాపారాన్ని 2021లో అమ్మేసింది. ఎల్‌ఇడిలు మాత్రం క్రీ ఎల్‌ఇడి పేరుతోనే వస్తున్నాయి.)

అదే క్రీ వాళ్ళ ఎక్స్‌హెచ్‌పి 70 అంటే భీముడు. 7 మిల్లీమీటర్ల చదరం. 32 వాట్లు పోస్తే 4000 ల్యూమెన్లు దాటుతుంది. దీనికి 6 వోల్టులు గాని 12 వోల్టులు గాని కావాలి. ఒక్క సెల్లు చాలదు, రెండు వరసగా పెట్టాలి, లేకపోతే వోల్టేజి పెంచే డ్రైవరు కావాలి. మేం వెలిగించి చూశాం. గ్రౌండు మొత్తం పట్టపగలైంది, చిన్న క్లాసు పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక్క నిమిషం! ఆ తర్వాత పట్టుకోలేకపోయాం. 32 వాట్లలో సగానికి పైగా వేడిగానే మిగిలిపోతుంది. మన లేబులో సోల్డరింగు ఐరను 25 వాట్లది. దాని వేడి ఎంతో ముట్టుకున్నోళ్ళకి తెలుసు. ఇంచుమించు అంత వేడిని అరచేతిలో పట్టేంత అల్యూమినియం గొట్టంలో పెట్టుకుని తిరగడమన్నమాట. అదీ రెంటచింతల ఎండల్లో, రాత్రి కూడా గాలి వేడిగా ఉండే మన పల్నాడులో! అందుకే మంచి డ్రైవరు ఒకటి రెండు నిమిషాల్లోనే కరెంటు తగ్గించేస్తుంది. అంటే 4000 అనేది ఒక నిమిషం ముచ్చట.

ఈ వేడి సంగతి ఏ ఎల్‌ఇడికైనా వర్తిస్తుంది. ఎల్‌ఇడి వెలుతురు ముందుకి పోతుంది గాని వేడి వెనక్కి దిగుతుంది. దిగే దారి ఇవ్వకపోతే వెలుతురు పడిపోతుంది, రంగు మారుతుంది, చివరికి కాలిపోతుంది. అందుకని దాన్ని రాగి బిళ్ళ మీద అతికించిందే తీసుకోవాలి. బిళ్ళ కింద వేడి పోయే పేస్టు పల్చగా రాయాలి. ఎక్కువ రాస్తే మంచిదనుకోవద్దు, అన్నం మెతుకులు పూసినట్టు మందంగా రాస్తే అదే అడ్డమవుతుంది. ప్లాస్టిక్ టార్చిలో పెద్ద ఎల్‌ఇడి పెట్టే పని అస్సలు చెయ్యొద్దు.

దూరం కావాలంటే ఆస్రామ్ వాళ్ళ చదునైన ఎల్‌ఇడి ఉంది. టార్చీలు కట్టేవాళ్ళు దాన్ని వైట్ ఫ్లాట్ అంటారు. దీనికి గుమ్మటం ఉండదు. వెలిగే ముఖం ఒక్క చదరపు మిల్లీమీటరు. ఆవగింజ కన్నా చిన్నది! మొత్తం ల్యూమెన్లు చూస్తే కొన్ని వందలే, భీముడి ముందు పిపీలికం. కానీ మంచి రిఫ్లెక్టరులో పెడితే ధార కర్రలాగా నిలబడి పొలం అవతలి గట్టు మీద పడుతుంది. మిరపతోటలోకి పందులు దిగాయో లేదో గట్టు మీదనుంచే చూసుకునే రైతుకి ఇదే సరైనది. కాళ్ళ దగ్గర మాత్రం పళ్ళెమంత చుక్క పడుతుంది, దాని చుట్టూ చీకటి. ఇది చేతిలో పట్టుకుని నడిస్తే పక్కనున్న పాముని తొక్కుతాం. ఇంకో మాట. నల్లమల అంచున ఉండే తమ్ముళ్ళు ఇట్టాంటి లైటు పట్టుకుని అడవిలోకి పోవద్దు. అది పులుల అభయారణ్యం, 1972 చట్టం ప్రకారం వేట నేరం. రాత్రి పొడుగు ధార కనపడితే ఫారెస్టు వాళ్ళు వేటకొచ్చారనే అనుకుంటారు. అనుకోకుండా ఎట్టా ఉంటారు?

లూమినస్ కంపెనీవి రెండు. ఎస్‌ఎఫ్‌టి-40 కూడా గుమ్మటం లేనిదే, ముఖం ఆస్రామ్ దాని కన్నా పెద్దది. దూరమూ పోతుంది, వెడల్పూ కొంత ఉంటుంది. రెండూ కావాలనేవాళ్ళకి మంచిది. మాకు వచ్చింది 70 తరగతిది, రంగులు పాలిపోతాయి. రెండోది ఎస్‌ఎస్‌టి-20. చిన్నది, మూడున్నర మిల్లీమీటర్లు. 4000 కెల్విన్ రంగులో 95 సిఆర్‌ఐ దొరుకుతుంది. మిరపకాయ పరీక్షలో బాగా నెగ్గింది. తక్కువ కరెంటు దగ్గర మాత్రం వెలుతురులో కాస్త ఆకుపచ్చ ఛాయ కొడుతుంది. గోడ మీద వేస్తే తెలుస్తుంది, చేలో అంతగా తెలియదు.

చివరిది నిచియా 519ఎ. నీలం ఎల్‌ఇడి పుట్టిన కంపెనీదే. ఇదీ మూడున్నర మిల్లీమీటర్లే, సిఆర్‌ఐ 90 పైన, ఎరుపు నిండుగా ఉంటుంది. పొయ్యి నిప్పు రంగు నుంచి మధ్యాహ్నపు తెలుపు దాకా రకరకాల రంగుల్లో దొరుకుతుంది. దూరం అంతగా పోదు. పోకపోతే పోనీ. వెలుతురు మెత్తగా వెడల్పుగా పరుచుకుంటుంది, మధ్యలో చుక్క, చుట్టూ చీకటి అన్నట్టు ఉండదు. నేను వార్డెన్ సారుకిచ్చిన టార్చిలో ఉన్నది ఇదే, 4000 కెల్విన్‌ది. కెల్విన్ అంటే ఇక్కడ వేడి కాదు, రంగు. అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం. 6500 దగ్గర బజారు లైట్ల నీలి తెలుపు. చలికాలం తెల్లారుజామున మంచులో ఏ లైటు వేసినా వెలుతురు కొంత వెనక్కొచ్చి మన కళ్ళలోనే పడుతుంది. నీలి తెలుపైతే తెల్ల గోడ ఎదురొచ్చినట్టు ఉంటుంది, పసుపు వైపుదైతే కంటికి కొంచెం నయంగా ఉంటుంది. నీలం తక్కువైతే పురుగులు కూడా తక్కువ ముసురుతాయి. పత్తి చేలో రాత్రి లైటు వేసినోళ్ళకి పురుగుల బాధ తెలుసు.

ఇప్పుడు సెల్లు లెక్క. వార్డెన్ సారు ప్రశ్నకి మిగతా సగం జవాబు ఇదే. మనం వాడేది 18650 సెల్లు. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడుగు, సున్నా అంటే గుండ్రంది. పాత ల్యాప్‌టాపుల్లో ఉండేది ఇదే. మంచి సెల్లులో 3000 మిల్లీ ఆంపియర్ గంటలుంటాయి. దాన్ని 3.6 వోల్టులతో హెచ్చవేస్తే దాదాపు 11 వాట్ గంటలు. ఈ సైజులో మంచి కంపెనీలు చేసిన గట్టి సెల్లు కూడా 3500, 3600 దగ్గర ఆగిపోతుంది. బజార్లో కొన్నిటి మీద 9900 అని అచ్చేసి ఉంటుంది. అది సెల్లు అంకె కాదు, సిరా అంకె. తూకం వేస్తే మంచి సెల్లు కన్నా తేలికగా ఉంటాయి.

ఆ 11 వాట్ గంటలతో ఎంతసేపు వెలుగుతుంది? 10 వాట్ల ఎక్స్‌ఎమ్‌-ఎల్ గంట. 32 వాట్ల భీముడు రెండు సెల్లులు మింగి నలభై నిమిషాలు. 519ఎని ఒక వాటు మీద పెడితే పది గంటలు! ఆ ఒక్క వాటుకి వంద ల్యూమెన్ల పైనే వస్తాయి. మూడు సెల్లుల ఇత్తడి టార్చి కన్నా చానా ఎక్కువ. మా మామ పొద్దుగూకి కళ్ళానికి పోయి తెల్లారి ఇంటికొస్తాడు. ఆయనకి నలభై నిమిషాల పట్టపగలు కావాలా, పది గంటల వెలుతురు కావాలా?

ఒక వాటు దగ్గర ఆపడం కష్టమేం కాదు. 7135 అని చిన్న చిప్పు ఉంది, బియ్యపు గింజకి కాస్త పెద్దది. ఒక్కొక్కటి 350 మిల్లీ ఆంపియర్లు దాటనివ్వదు. ఒకటి పెడితే ఒక వాటు చిల్లర. ఎనిమిది పెడితే 2.8 ఆంపియర్లు. మా టార్చిలో ఒక మీటకి ఒక చిప్పు, రెండో మీటకి నాలుగు. ఒక చిప్పు నడకకి, నాలుగు ఏదన్నా చప్పుడైనప్పుడు చూడ్డానికి.

కన్ను సంగతి కూడా చెప్పి ఆపేస్తా. చీకటికి మన కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. భీముడిలాంటి లైటు ఒక్కసారి వేసి ఆర్పితే ఆ అలవాటంతా పోయి మళ్ళీ మొదటికొస్తుంది. లైటు పడిన చోటు తప్ప చుట్టూ ఏమీ కనపడదు. ఇంకొకటి, నెత్తిన కట్టుకునే లైటుతో నేల చదునుగా కనపడుతుంది, ఎందుకంటే కన్ను చూసే వైపునుంచే వెలుతురు పడుతుంది, నీడలు వస్తువు వెనక దాక్కుంటాయి. టార్చిని మోకాలి దగ్గర కిందికి పట్టుకుని ముందుకి వేస్తే ప్రతి రాయికీ, ప్రతి పుల్లకీ నీడ పడుతుంది. చుట్ట చుట్టుకున్న పాముకి కూడా. హాస్టలు నుంచి బాత్‌రూముల వైపు పోయేటప్పుడు అట్టా పట్టుకోండి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, కరిచినా పెద్ద నొప్పి ఉండదు గాబట్టి చీమ అనుకుంటారు. ఏది కరిచిందో తెలియకపోయినా వెంటనే వార్డెన్ సారుకి చెప్పి ఆస్పత్రికి పోవాలి. మంత్రం దగ్గరికి కాదు, విషానికి మందు అక్కడే ఉంది.

సెల్లుల గురించి సార్లు అడిగారు. చార్జింగు లేబులోనే, 4.2 వోల్టుల దగ్గర ఆపే చార్జరుతోనే, ఎవరో ఒకరు ఉన్నప్పుడే చేస్తున్నాం. సొట్టపడ్డవీ, పైతొడుగు చినిగినవీ పక్కన పెట్టేశాం. దిండు కింద పెట్టి చార్జింగు చేసే పని ఎవరూ చెయ్యొద్దు. సెల్లుని తాళంచెవులతో కలిపి జేబులో వేసుకోవద్దు.

ఇప్పుడున్న పరిస్థితి ఇది. 519ఎ టార్చి వార్డెన్ సారు గది బయట మేకుకి వేలాడుతుంది, రాత్రి ఎవరికి అవసరమైనా తీసుకోవచ్చు, మళ్ళీ అక్కడే పెట్టాలి. భీముడు లేబు బీరువాలో ఉంది, కరెంటు పోయి గ్రౌండులో పిల్లల్ని లెక్కపెట్టాల్సి వస్తే పనికొస్తుంది. ఆస్రామ్‌ది వాచ్‌మన్ అన్నకిచ్చాం, ప్రహరీ చివరిదాకా చూస్తున్నాడు. రెండో 519ఎ మా మామకి. మొదటి రాత్రి “ఇదేందిరా ఇంత మెత్తగా ఉంది” అని గొణిగాడంట. వారం తర్వాత ఊరినుంచి వచ్చినోళ్ళతో కబురు పంపాడు. పట్టా అంచులు ఇప్పుడు పట్టాలాగే కనపడుతున్నాయంట. ఇంకోటి కావాలంట, పక్క కళ్ళం ఆయనకి. రాగి బిళ్ళలు అయిపోయాయి, రాగానే కడతాం.